మూడోసారి అడగాలి

మా ఇంట్లోకి ఇంటర్నెట్ తీగ వంటింటి కిటికీ పక్కనున్న చిన్న కన్నంలోంచి వస్తుంది. గిన్నెల అలమర వెనకనుంచి గోడ పట్టుకుని పాకి, పడగ్గదిలో నా బల్ల మీదున్న రూటర్ దగ్గర ఆగుతుంది. పదకొండేళ్ళలో దాన్ని దుమ్ము దులపడానికి తప్ప నేను ముట్టుకోలేదు. ఇల్లంతా, అంటే నేనూ మా ఆయనా, ఆ తీగ పట్టుకునే వేలాడుతున్నామన్న సంగతి ఉత్తరం వచ్చేదాకా నాకు తట్టలేదు.

ఉత్తరం మా ఆయన పనిచేసిన కంపెనీ నుంచి వచ్చింది. మా కనెక్షన్ కూడా ఆ కంపెనీదే. మాజీ ఉద్యోగులకిచ్చే రాయితీ నెలాఖరుతో అయిపోతుందని ఒక వాక్యం, దాని కింద కొత్త ధర. పాతదానికి మూడింతలు. పక్కన సోఫాలో కూర్చుని నవ్వుతున్న కుటుంబం బొమ్మ. నలుగురి పళ్ళూ విడివిడిగా కనిపించేంత స్పష్టంగా అచ్చు వేశారు. ఉద్యోగం తీసేసిన ఎనిమిది నెలలకి, ఇంకా ఏమన్నా మిగిలిందా అని వెతికి మరీ లాక్కున్నట్టనిపించి నాకు ఒళ్ళు మండింది.

"మన కంపెనీ వాళ్ళు రూల్ ప్రకారమే చేశారులే," అన్నారు మా ఆయన.

మన కంపెనీ. మెడపట్టి గెంటినవాళ్ళని ఇంకా 'మన' అనే మనిషిని నేను ఈయన్ని తప్ప చూడలేదు.

నా ఉద్యోగం గురించి ముందు చెప్పాలి, గొడవంతా దానికోసమే కాబట్టి. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక ఆ వివరాలు గబగబా చెప్పి రికార్డు చేస్తారు. సగం మాటలు నమిలేస్తారు, సగం మింగేస్తారు. అవి విని, చదివితే అర్థమయ్యేట్టు టైపు చేసి పంపడం నా పని. ఇంట్లో కూర్చునే చేస్తాను. రోగుల గుట్టు కనక షరతులు గట్టివి. లైను తీగ ద్వారానే రావాలి, మా ఇంటి చిరునామా మీదే ఉండాలి. పక్కింటివాళ్ళది వాడుకుంటామన్నా, సెల్‌ఫోన్ డేటాతో సర్దుకుంటామన్నా మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ తలుపు తియ్యదు. వరసగా మూడు పనిదినాలు లైను కనబడకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ లిస్టులో అరవై మంది ఉన్నారని మా సూపర్వైజరమ్మ నెలకోసారి ప్రేమగా గుర్తు చేస్తూ ఉంటుంది. మా ఆయన ఇంట్లో కూర్చున్నప్పటినుంచి ఇంటద్దె, కూరగాయలు, ఆయన బీపీ మాత్రలు అన్నీ ఆ సీటు మీదే నడుస్తున్నాయి. యాభై దాటిన నాకు ఇంకో సీటు ఎవరూ ఇవ్వరని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆయన చేసిన ఉద్యోగం కాస్త విడ్డూరమైనది. కంపెనీలో ఒక డెస్క్ ఉండేది. దాని అసలు పేరేదో పెద్దది, అందరూ 'ఆపే డెస్క్' అనేవాళ్ళు. కనెక్షన్ వద్దు బాబోయ్ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఫోన్ అక్కడికి వెళ్ళేది. వాళ్ళని మాటలతో ఆపాలి. మా ఆయన పంతొమ్మిదేళ్ళు అదే పని చేశారు, ఆ అంతస్తులో ఈయన్ని మించినవాడు లేడని పేరు. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, చెవికి హెడ్‌ఫోన్ తగిలించగానే ఎక్కడినుంచి వచ్చేవో ఆ మాటలు.

ఆయనకో పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన పిల్లలందరికీ అదే నేర్పేవారు. భోజనాల దగ్గర నాకూ నేర్పారు, నేను అడక్కపోయినా.

"మొదటిసారి వద్దన్నారనుకో, అది కోపం. రెండోసారి వద్దన్నారంటే అది పంతం. అన్నమాట వెనక్కి తీసుకోలేక అంటారు. అందుకని మూడోసారి అడగాలి. ఏం జరిగిందండీ అసలు, అని అడిగి నోరు మూసుకోవాలి. రెండు క్షణాలు ఏం మాట్లాడకూడదు. ఆ ఖాళీలో వాళ్ళు నిజం చెప్పేస్తారు. అప్పుడు సొరుగులోంచి తీసినట్టు తక్కువ ధర తీసి ముందు పెట్టాలి. మూడోసారి అడక్కుండా ఎవర్నీ వదలకూడదోయ్."

"నన్నొక్కసారి కూడా అడగరే మీరు," అనేదాన్ని.

"నువ్వెప్పుడూ వెళ్ళిపోతాననలేదుగా," అనేవారు.

చివరి మూడు నెలలు ఇద్దరు కుర్రవాళ్ళు ఆయన పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నారట. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆయన మాట్లాడిన ప్రతి మాటా రాసుకున్నారు, ఎక్కడ ఆగుతున్నారో అది కూడా. ఈయన వాళ్ళకి రోజూ టీ తాగించారు. "నా పద్ధతి శిక్షణలో పెడతారటోయ్," అని ఇంటికొచ్చి పొంగిపోయారు. మరుసటి నెల యాభై దాటినవాళ్ళందరికీ కవర్లు ఇచ్చారు. డెస్క్ నడపడానికి తను తయారుచేసిన పిల్లలున్నారన్నదే ఆయనకి మిగిలిన తృప్తి.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మనిషి హాల్లో కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు. గడ్డం ఎప్పుడో గుర్తొస్తే గీసుకునేవారు. నేను పడగ్గది తలుపు వేసుకుని పని చేసుకుంటుంటే బయటినుంచి చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టేది. మధ్యమధ్యలో మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చి ఉన్నారా లేదా అని చూసుకునేదాన్ని.

అలాంటి మనిషిని ఆ ఉత్తరం లేపింది.

"ఇది నాకొదిలెయ్," అన్నారు. మర్నాడు పొద్దున్నే లేచి పాత డైరీ ఒకటి తీసి స్కేలుతో గీతలు కొట్టారు. ఊళ్ళో ఉన్న కంపెనీలన్నిటికీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. వారం రోజులు మా హాలు ఆఫీసైపోయింది. ఒక కంపెనీ నూట నలభై టీవీ చానళ్ళు ఉచితం అంది, మాకు టీవీ లేదు. ఇంకోటి మొదటి ఆరు నెలలు కారుచవక, ఆ తర్వాత సంగతి ఆరు నెలల తర్వాతే చెబుతామంది. ఒక అమ్మాయి ఇంటర్నెట్‌తో పాటు పిల్లల చదువుల యాప్, జిమ్ కూపను ఇస్తానంది. మా ఆయన ఆ అమ్మాయిని ఏమీ అనకుండా, "బాగా మాట్లాడుతున్నావమ్మా, కానీ కొంచెం తొందర పడుతున్నావు," అని సలహా ఇచ్చి పెట్టేశారు.

మాకు కావలసింది అవేవీ కాదు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్టు లైను రావాలి, అంతే. అలాంటిదాన్ని చివరికి నేనే పట్టాను. వాళ్ళ వెబ్‌సైటులో ఒకటే పేజీ, ఒకటే ధర. బొమ్మలు లేవు, నవ్వే మనుషులు లేరు, ఉచితాలు లేవు. "మేము లైను ఇస్తాము. ఇంకేమీ ఇవ్వము," అని రాసుకున్నారు. మాకిద్దరికీ నవ్వొచ్చింది. దానికి ఉత్త కంపెనీ అని పేరు పెట్టుకున్నాం. ధర మేము కడుతున్నదానికంటే కొంచెం ఎక్కువ, అంతే. పాత కంపెనీ తీగనే అద్దెకి తీసుకుని నడుపుతారట కనక తవ్వకాలూ ఉండవు. ఫారం నింపితే పాత లైను నడుస్తుండగానే వాళ్ళ చేతికి మారిపోతుంది.

నేను ఫారం సగం నింపేశాను. ఇంటి నంబరు దగ్గర ఉండగా ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఆగు. ఈ ధర చూపించి మన కంపెనీ దగ్గర ఇంతకంటే తక్కువకి లాగుతాను."

"ఎందుకండీ? ఇది బాగానే ఉందిగా."

"పంతొమ్మిదేళ్ళు ఆ సొరుగు నా చేతిలో ఉంది. అందులో ఏ ధర ఉందో నాకు తెలుసు. ఫోన్ చేసి తీసెయ్యమంటాను. ఆపే డెస్క్‌కి వెళ్తుంది. రెండుసార్లు వద్దంటాను. మూడోసారి వాళ్ళే ఇస్తారు."

"ఒకవేళ నిజంగానే తీసేస్తే?"

"మూడోసారి అడక్కుండా తియ్యరు. అది నేను పెట్టిన రూలు."

తల తిప్పి చూశాను. గడ్డం నున్నగా గీసుకున్నారు. ఆఫీసుకి వేసుకెళ్ళే నీలం గీతల చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నారు. ఎనిమిది నెలల తర్వాత ఆ మొహంలో ప్రాణం కనబడింది. ఆ మొహానికి అడ్డు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఫారం మూసేశాను. తప్పు ఆయనదని తర్వాత చాలాసార్లు అన్నాను గానీ, మూసింది నా చెయ్యే.

మంగళవారం పదకొండింటికి ఫోన్ చేశారు. ఆ టైములో డెస్క్ మీద రద్దీ ఉండదట, ధర ఇవ్వడానికి మనసొప్పుతుందట. నేను ఒక ముసలాయన మోకాలి రిపోర్టు టైపు చేస్తూ మధ్యలో ఉన్నాను. అది చూడటానికి నన్ను కూడా రమ్మన్నారు కనక వాక్యం మధ్యలో వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచారు. ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, ఖాతా నంబరు చెప్పాక ఒక అమ్మాయి గొంతు పలికింది.

"పదకొండేళ్ళుగా మాతో ఉన్న మీరు వెళ్ళిపోతానంటే మాకు బాధగా ఉందండీ. మావల్ల ఎక్కడైనా పొరపాటు జరిగిందా?"

ఆయన నాకేసి చూసి కనుబొమ్మలెగరేశారు. నా వాక్యమే, అని పెదాలతో అన్నారు. తను నేర్పిన పిల్లల్లో ఒకతి అనుకున్నారు. ఆ గర్వం దాచుకోలేకపోయారు.

"పొరపాటేం లేదమ్మా. నాకు వేరేచోట తక్కువకి వస్తోంది. కనెక్షన్ తీసెయ్యండి."

"మీ మాట అర్థమైందండీ. తక్కువకి వచ్చేది అన్నిసార్లూ మంచిదవ్వాలని లేదు. ఒక్కసారి ఆలోచించండి. ఖచ్చితంగా తీసెయ్యమంటారా?"

అక్కడ నాకొకటి తోచింది. మాటలు వినడమే నా బతుకుతెరువు. డాక్టర్లు ఎంత గబగబా చెప్పినా మధ్యలో ఊపిరి పీలుస్తారు, నేను కామా పెట్టేది ఆ ఊపిరి దగ్గరే. ఈ అమ్మాయి ఇంత పొడుగు మాట చెప్పింది, ఊపిరి వినబడలేదు. ఫోన్ స్పీకర్ మంచిది కాదేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవాలనుకున్నాను. అంత సంతోషంగా ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని ఆపడం నా వల్ల కాలేదు.

"ఖచ్చితంగా తీసెయ్యండి," అన్నారాయన. కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ నాకు మూడు వేళ్ళు చూపించారు. ఇప్పుడు చూడు, అన్నట్టు.

"మీ కోరిక నమోదైందండీ. మీ కనెక్షన్ తీసివేశాము. ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు."

ఫోన్ ఆగిపోయింది. ఆయన మూడు వేళ్ళూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. నేను గదిలోకి పరిగెత్తాను. రూటర్ మీద పచ్చ దీపం రెండుసార్లు కొట్టుకుని ఎర్రబడింది. తెర మీద 'రోగి ఎడమ మోకాలు' అన్న దగ్గర వాక్యం ఆగిపోయి ఉంది.

వెంటనే మళ్ళీ ఫోన్ చేశారు. అదే గొంతు, అంతే తియ్యగా, ఈ నంబరు మీద ఏ కనెక్షనూ లేదు, కొత్త కనెక్షన్ కోసం ఒకటి నొక్కండి అంది. ఒకటి నొక్కితే తొమ్మిది పనిదినాలు పడుతుందంది. మనిషితో మాట్లాడాలి అన్నారు. కొత్త కనెక్షన్ కోసం ఒకటి నొక్కండి అంది. ఆయన ఆరుసార్లు చేశారు. ఏడోసారి చెయ్యబోతుంటే నేను ఫోన్ లాక్కున్నాను.

అప్పుడు గుర్తొచ్చి ఆయన పాత పక్కసీటు మిత్రుడికి చేశారు. అతను ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడు.

"ఆపే డెస్కా? ఎక్కడుంది గురూ? మనం వెళ్ళిన రెండు నెలలకి పిల్లల్ని కూడా పంపేశారు. ఇప్పుడు యంత్రం మాట్లాడుతోంది. నీకు తెలీదా? అన్నీ నీ మాటలే పెట్టారు."

"మరి మూడోసారి అడగదేం?"

"అదా. మూడోసారి అడిగితే కాల్ పొడుగైపోతోందట. రెండు చాలన్నారు."

"రెండు చాలన్నారా," అన్నారు మా ఆయన. ఆ మాటే మళ్ళీ అన్నారు. అవతల వ్యాను హారను వినబడింది, మిత్రుడు తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.

ఉత్త కంపెనీకి నేను చేశాను. అక్కడ నిజంగానే మనిషి ఎత్తాడు. నిద్రమొహం గొంతు, అయినా ఊపిరి తీస్తున్నాడు. ఆ ఊపిరి వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అయ్యో మేడమ్, లైను నడుస్తుండగా మా దగ్గరికి వచ్చుంటే గంట కూడా ఆగేది కాదు. తీసేశాక మీరు కొత్త కనెక్షన్ కింద లెక్క. పన్నెండు పనిదినాలు."

"కొంచెం తొందరగా ఇప్పించలేరా బాబూ? ఎక్కువైనా కడతాం."

"మా దగ్గర తొందరకి వేరే ధర లేదండీ. ఉన్నది ఒక్కటే ధర."

అబద్ధం చెప్పలేదు. వెబ్‌సైటులో రాసిందే చెప్పాడు. తొమ్మిదైనా పన్నెండైనా మా మూడు రోజులూ దాటినట్టే. సంతకం పెట్టాం.

మర్నాడు పొద్దున మా వీధి మలుపులో ఉన్న ఇనప పెట్టె తెరిచి ఒక టెక్నీషియన్ పని చేస్తూ కనబడ్డాడు. మా ఆయన ఇంట్లో చెప్పులతోనే మెట్లు దిగి పరిగెత్తారు. నేనూ వెనకాలే దిగాను. పెట్టె నిండా రంగురంగుల తీగలు, ఒక్కోదానికీ చిన్న చీటీ.

"ఇందులో మాది ఏది నాయనా?" అన్నారు.

అతను ఇంటి నంబరు అడిగి, వేలితో వరస వెంబడి వెతికాడు. "ఇదిగోండి. నిన్న మధ్యాహ్నం పెట్టెలో మీ చోటు ఖాళీ అయింది. ఎదుటి వీధిలో పళ్ళ డాక్టరు గారు నెల రోజులుగా కాచుకునున్నారు, ఆయనకి ఇచ్చేశాను."

"మళ్ళీ మాకు పెట్టెయ్యలేవూ? ఐదు నిమిషాల పనేగా. నేను మన కంపెనీలోనే చేశాను, పంతొమ్మిదేళ్ళు."

ఆ అబ్బాయి మా ఆయన కాళ్ళకున్న చెప్పులు చూసి, మళ్ళీ మొహం చూశాడు. "ఐదు నిమిషాలు కూడా పట్టదండీ. కానీ నాకు ఫోన్లో ఆర్డరు రావాలి. అది వచ్చిన వరసలోనే చెయ్యాలి. నేను కంపెనీ మనిషిని కూడా కాదు, కాంట్రాక్టు వాణ్ణి." పెట్టె మూసి తాళం వేసేముందు, "క్షమించండి సార్," అన్నాడు. ఆ పెట్టె దగ్గర మా ఆయన ఇంకాసేపు నిలబడ్డారు. నేను మోచెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

సూపర్వైజరమ్మకి సెల్‌ఫోన్లో అంతా చెప్పాను. మంచి మనిషే. మూడు రోజులకి ఇంకో రెండు రోజులు ఎలాగో కలిపింది. ఆ ఐదు రోజులూ నేను ఎక్కని గుమ్మం లేదు. కింద వాటా వాళ్ళ లైనుతో ప్రయత్నించాను, చిరునామా కుదరదని సాఫ్ట్‌వేర్ బయటికి నెట్టింది. సెల్‌ఫోన్ డేటా పెట్టి చూశాను, అదీ ఒప్పుకోలేదు. సోమవారం పొద్దున సూపర్వైజరమ్మే ఫోన్ చేసింది.

"నీ పని మీద ఒక్క మాట వచ్చింది లేదమ్మా. కానీ నా తెర మీద నీ పేరు ఎర్రగా అయిపోయింది. ఎర్రగా అయ్యాక అది నా చేతిలో ఉండదు."

"మోకాలి రిపోర్టు ఒకటి సగంలో ఉండిపోయిందండీ," అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"అది వేరేవాళ్ళు పూర్తిచేశారులే," అంది.

ఫోన్ పెట్టేశాక హాల్లోకి వచ్చాను. ఆయన డైరీలో గీతల వెంబడి వేలు పెట్టి చూసుకుంటున్నారు, ఎక్కడో లెక్క తప్పినట్టు. నాకు ఆ డైరీ చించి పారెయ్యాలనిపించింది.

"పంతొమ్మిదేళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ ఆపారు. మన ఇంటి తీగ ఒక్కటి ఆపుకోలేకపోయారు."

ఆయన డైరీ మూసి, కుర్చీని మళ్ళీ కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అని మూడు వారాలైనా ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. గొడవపడితే బాగుండేది, తిరిగి ఒక మాట అన్నా బాగుండేది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటూ గోడకి చెప్పుకున్నట్టు బతికాం. కూర ఉడికిందన్నదీ, మాత్ర వేసుకోమన్నదీ తప్ప వేరే మాట లేదు. నేను ఎన్ని చోట్ల ఉద్యోగం అడిగినా, అందరూ వయసు వినేదాకా మర్యాదగానే మాట్లాడారు. ఇల్లు ఖాళీ చేసి చిన్న వాటాలోకి వెళ్ళాలని నేనే నిర్ణయించాను. ఆయనకి చెబితే తలూపారు.

పన్నెండో పనిదినాన, చెప్పిన రోజుకి, ఉత్త కంపెనీ లైను వచ్చింది. పెట్టె దగ్గర చూసిన అబ్బాయే వచ్చాడు. పాత తీగకే కొత్త రూటర్ తగిలించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. స్పీడు చూసి, "పాతదానికంటే బావుందండీ," అన్నాడు. నిజంగానే బావుంది. ఇంత తక్కువకి ఇంత మంచి లైను ఉంటుందని నేననుకోలేదు. అతను వెళ్ళాక అలవాటు కొద్దీ బల్ల ముందు కూర్చుని నా పేరూ, పాస్‌వర్డూ కొట్టాను. ఈ పేరుతో ఎవరూ లేరు అని వచ్చింది. కంప్యూటర్ ఆపేసి, దాని మీద గుడ్డ కప్పాను.

నిన్న సాయంత్రం నేను అలమరలోంచి గిన్నెలు దింపి పాత కాగితాల్లో చుడుతున్నాను. ఆయన సెల్‌ఫోన్ మోగింది. చాలాసేపు మోగాక ఎత్తి, వేలు తగిలిందో ఏమో, స్పీకర్ పెట్టారు.

"నమస్కారమండీ. మీరు వెళ్ళిపోయి నాలుగు వారాలైంది. మీలాంటి పాతవాళ్ళని అంత తేలిగ్గా వదులుకోవడం మాకిష్టం లేదు. మీకోసమే పక్కన పెట్టిన ధర ఒకటి ఉంది." ఆ ధర చెప్పింది. ఉత్త కంపెనీ కంటే తక్కువ. సొరుగులో ఉంటుందని ఆయన చెప్పిన ధర, చెప్పినది చెప్పినట్టు. తర్వాత గొంతు కాస్త తగ్గించింది. "ఏం జరిగిందండీ అసలు?"

అని ఆగింది.

ఆ ఖాళీ ఎంతసేపుంటుందో నాకు తెలుసు, ఎవరు పెట్టారో తెలుసు. ఎందుకు పెట్టారో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో లేరు. అయినా ఆయన అందులో పడిపోయారు.

"మా ఆవిడ ఉద్యోగం పోయిందండీ," అన్నారు. "నా వల్లే పోయింది. తను ఫారం నింపుతుంటే నేనే ఆపాను. మీరు మూడోసారి అడుగుతారనుకున్నాను. ఇంకెందుకూ పనికిరాకపోయినా ఈ ఒక్క పని నాకొచ్చు అని తనకి చూపించాలనుకున్నానండీ. నాకింక ఏం చెయ్యాలో తెలీట్లేదు. తన మొహం చూడలేకపోతున్నాను."

నేను గిన్నె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఈ నాలుగు వారాల్లో నాతో అనని మాటలు అవి. నన్ను దాటేసి, ఆయన మాటలే తిని పెరిగిన ఆ గొంతుకి చెప్పుకుంటున్నారు. నాకు ఆయన మీద కోపమంతా పోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు.

"క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు," అంది ఆ గొంతు. "ఈ ధర కావాలంటే కావాలి అనండి. వద్దంటే వద్దు అనండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "వద్దండీ."

"మీ మాట అర్థమైందండీ. ఒక్కసారి ఆలోచించండి. ఖచ్చితంగా వద్దంటారా?"

"వద్దు."

చిన్న చప్పుడైంది. ఫోన్ తెర మీద వెలుగు పోయింది. ఆయన దాన్ని తీసి చెవికి ఆనించుకున్నారు. కిటికీ వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.

దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. "పెట్టేసిందండీ," అన్నాను.

"ఉండు," అన్నారాయన. "ఇంకోసారి అడుగుతుంది."